కావలి అక్క – పదకొండో వారం: చెయ్యని తప్పుకు ఆమేన్

పోయిన వారం మనం స్కూలు బస్సు డ్రైవరును, తాళాలు యజమానురాలి బల్ల మీద పెట్టి, తల వంచుకుని గేటు దాటుతుండగా వదిలేశాం. తాగాడన్న మాట మీద అతని పని పోయింది. పద్నాలుగు నెలలుగా చుక్క ముట్టని మనిషి మీద ఆ మాట ఎవరు మోశారో అతను ఇంట్లో చెప్పలేదు. అతని అక్క ఆ సాయంత్రమే ఉపవాసం మొదలుపెట్టింది. ఆమె ఉపవాసం పట్టిందంటే సాతానుకు చెడ్డ రోజులు దాపురించినట్టేనని వాళ్ళ సంఘంలో అందరూ నమ్ముతారు. నిజం చెప్పొద్దూ, ఆమె కూడా కొంచెం నమ్ముతుంది.

ఈ వారమే కథలోకి అడుగు పెట్టినవాళ్ళకు చెప్పాలి. కావలి అక్క అన్నది సంఘం పెట్టిన పేరు. ఆమె చేసేది కుట్టుపని. వీధిలోకి తెరుచుకునే ఒక గది, రెండు మిషన్లు, ఒక కటింగు బల్ల. భర్త పోయి తొమ్మిదేళ్ళయింది, పిల్లలు లేరు. తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచింది ఆమే. వాడికి లెక్కలు నేర్పిందీ, పెళ్ళి చేసిందీ, తాగి పడిపోయిన రోజుల్లో కాళ్ళకున్న బూట్లు విప్పి పడుకోబెట్టిందీ ఆమే. పంతొమ్మిదేళ్ళుగా బుధవారం స్త్రీల కూడిక నడిపిస్తోంది. ఎవరింట్లో శత్రువు చొరబడ్డాడన్నా అందరూ ఆమె దగ్గరికే పరిగెత్తుకొస్తారు.

తమ్ముడికీ ఆమెకీ మధ్య ఒక కాపలా ఉండేది. రోజూ మధ్యాహ్నం రెండున్నరకు, పిల్లల్ని తీసుకురావడానికి ఖాళీ బస్సు తోలుకెళ్తూ, అతను ఆ గది ముందు ఆపి ఒక్క హారన్ కొట్టేవాడు. అక్క గుమ్మంలోకి వచ్చి, "మెలకువేనా?" అని అడిగేది. "మెలకువే" అనేవాడు. అంతే, బస్సు కదిలేది. తాగుడు మానినవాడికి ఆ మధ్యాహ్నపు ఖాళీ గంటే గండమని ఇద్దరూ కలిసి పెట్టుకున్న ఏర్పాటది. ఇప్పుడు ఆరు రోజులుగా హారన్ లేదు. రెండున్నర అయ్యేసరికి ఆమె కాలు మిషను తొక్కడం దానంతటదే మానేస్తోంది.

ఆ బుధవారం కూడా అలాగే కాలు ఆగిన వేళకు మరదలు వచ్చింది. తమ్ముడి భార్య జెరాక్స్ షాపులో పని చేస్తుంది, మాట తక్కువ మనిషి. పగలు పని మానేసి వచ్చిందంటే ఊరికే రాదు.

"పనిలో ఉన్నారా వదినా?"

"రామ్మా, కూర్చో. వాడేడీ?"

"ఇంట్లోనే ఉన్నారు." సంచిలోంచి రెండు చొక్కాలు తీసి బల్ల మీద పెట్టింది. లేత నీలం రంగు, ఉతికి ఇస్త్రీ చేసినవి. "ఇవి తిరిగిచ్చెయ్యమన్నారు. కొత్త డ్రైవరుకు కావాలట. జేబు మీదున్న పేరు పట్టీ విప్పి ఇమ్మన్నారు. నేను విప్పబోతే గుడ్డ చిరిగేలా ఉంది. మీరు మరీ గట్టిగా కుట్టారు."

గట్టిగానే కుట్టింది మరి. పద్నాలుగు నెలల క్రితం, పని దొరికిన రోజు, పట్టీ చుట్టూ రెండు వరసలు నడిపి, మూలల్లో మరో వరస కలిపి కుట్టింది. చొక్కా చిరిగిపోయే రోజుదాకా తన తమ్ముడి పేరు దాని మీద ఉండాలనుకుంది. ఇప్పుడు కుట్లు విప్పే చిన్న కత్తి తీసుకుని, కళ్ళజోడు సవరించుకుని, మొదటి కుట్టు కిందికి మొన దూర్చింది.

"ఇవాళే ఇవ్వాలా?"

"బస్సుల యజమానురాలు ఇప్పుడు మీ కూడికకు వస్తున్నారట. అక్కడే అందజెయ్యమన్నారు. నాలుగున్నరకు ఈయన హాలు దగ్గరికొచ్చి మీ దగ్గర తీసుకుని ఇచ్చేస్తారు."

అక్క ఒక మూల విప్పింది. దారపు ముక్కలు చిటికెన వేలితో పక్కకు తోసింది. "నువ్వు దిగులు పెట్టుకోకు. ఇదంతా శత్రువు చేస్తున్న దాడి. ఎవరి నోటి ద్వారా చేశాడో కూడా నాకు తెలుసు. ఆరు రోజులుగా ఆ నోరు కట్టమనే ప్రార్థిస్తున్నా."

"ఎవరి నోరు వదినా?"

"ఇంకెవరు, ఆ బస్సు ఆయా. మొదట్నించీ దాని చూపు మంచిది కాదు."

మరదలు కుర్చీ బల్ల దగ్గరికి లాక్కుంది. "ఆయమ్మ మొన్న మా ఇంటికొచ్చి ఏడ్చి వెళ్ళింది. రోజంతా పక్కనే ఉంటాను, వాసన నాకు తెలియదా, ఆయన తాగలేదని ఎక్కడైనా చెప్తానంది. నా పని పోయినా సరే అంది."

అక్క చేయి ఆగింది. ఆరు రోజులు అన్నం మానేసి, పేరు పెట్టి మరీ, ఏ పాపమూ ఎరగని ఆడమనిషి మీద ప్రార్థన చేసినట్టు తేలితే ఎవరికైనా చేయి ఆగుతుంది. అయినా ఆమె తేరుకుంది. ఆమె దగ్గర అనుమానించదగ్గవాళ్ళ పేర్లకు కొదవ లేదు. "అయితే రెండో బస్సు డ్రైవరు అయ్యుంటాడు."

"కాదు."

"నీకు తెలుసా?"

"తెలుసు." మరదలు బల్ల మీది దారపు ముక్కల్ని ఒక్కొక్కటే ఏరి అరచేతిలో పోగేస్తోంది. "చెప్పొద్దని ఆయన నాతో ఒట్టు వేయించుకున్నారు. కానీ చెప్పకపోతే మనిషి దక్కేలా లేడు. మీరే వదినా."

అక్కకు ఆ మాట చెవిలో పడింది గానీ లోపలికి వెళ్ళలేదు. "నేనా?"

"రెండు వారాల కింద, బుధవారం కూడికలో మీరు ఆయన కోసం ప్రార్థన చేశారు. చివరి బెంచీలో కళ్ళజోడు పెట్టుకున్న ఒకావిడ కూర్చున్నారు, గుర్తుందా? కొత్తగా వచ్చారు, ఎవరి చుట్టంగానో. బస్సులు ఆవిడవే."

గుర్తుంది. కొత్త మనిషి వస్తే అక్క కళ్ళు మూసుకుని కూడా చూస్తుంది. ఆ రోజు హాలు కాస్త మందకొడిగా ఉంది. ఎండ, మధ్యాహ్నపు భోజనాల బరువు, రెండు బెంచీల మీద కునుకుపాట్లు. "నా తమ్ముడు ఆ మందు షాపు దాకా వెళ్ళాడు ప్రభువా" అని మొదలుపెట్టింది. ఎవరూ కదల్లేదు. గొంతు పెంచింది. "పడిపోయాడు ప్రభువా, మళ్ళీ పడిపోయాడు" అంది. హాలు హాలంతా మూలిగింది. వెనక ఎవరో వెక్కి వెక్కి ఏడ్చారు, స్తోత్రాలు పైకప్పుకు తగిలాయి. ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ, ఈ రోజు ప్రార్థన బాగా పైకి అందిందని ఆమె తృప్తి పడింది కూడా. పంతొమ్మిదేళ్ళుగా ప్రతి ఇంటి తలుపూ చూసుకుంటూ వచ్చిన మనిషికి, తన నోరు కూడా ఒక తలుపేనని తట్టలేదు.

తమ్ముడు చెప్పింది అది కాదు. దానికి ముందు సోమవారం బస్సు కిటికీలోంచి తొంగి చూసి, పరీక్ష పాసైన పిల్లాడి ముఖంతో చెప్పాడు. "అక్కా, ఇవాళ షాపు దాకా వెళ్ళా. చేతిలో నోటు కూడా పట్టుకున్నా. తిరిగొచ్చేశా. తాగలేదు." ఆమె "జాగ్రత్త నాన్నా" అంది. శభాష్ అనలేదు.

"ఆవిడ ఈయన్ని పిలిపించారు," మరదలు చెప్తోంది. "కోప్పడలేదట. ముప్పై ఎనిమిది మంది పిల్లలయ్యా, నా భయం నాది, ఒక్క మాట అడుగుతాను చెప్పు అన్నారట. మీ అక్క ప్రార్థనలో ఏడ్చి చెప్పింది, పడిపోయావని. నిజమేనా అని అడిగారు."

"వాడేమన్నాడు?"

"మా అక్క అబద్ధం చెప్పదండీ అన్నారు. తాళాలు పెట్టేసి వచ్చేశారు."

వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. అక్క కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది, మళ్ళీ పెట్టుకుంది, మళ్ళీ తీసింది. కాదు, నేను తాగలేదు అని వాడు ఒక్క ముక్క అంటే సరిపోయేది. ఆ ఒక్క ముక్క అంటే, అంతమంది ఆడవాళ్ళ మధ్య దేవుడి ముందు తన అక్క కల్పించి చెప్పిందని తేలుతుంది. అందుకని వాడు చెయ్యని తప్పు నెత్తిన వేసుకుని ఇంటికి వచ్చేశాడు.

"ఇంతవరకూ తాగలేదు," అంది మరదలు. "ఇంతవరకూ అంటున్నా, వినండి. నిన్న రాత్రి అన్నం ముందు కూర్చుని ఒక మాటన్నారు. తాగాడన్న పేరు వచ్చేసింది, సంఘమంతా ఆమేన్ కూడా అనేసింది, ఇంకా నేను ఎవరి కోసం కాపలా కాస్తున్నా అన్నారు. నాకు ఆయన తాగిన రోజుల్లో ఎప్పుడూ ఇంత భయమెయ్యలేదు వదినా."

అక్క చొక్కాలు మడిచింది. ఒకదాని పట్టీ ఒక మూల ఊడి వేలాడుతోంది, రెండోది ముట్టుకోనేలేదు. "ఇవి ఇవ్వాల్సిన పని లేదు. నాలుగింటికి నేను వెళ్ళి అందరి ముందూ చెప్తాను."

"ఏమని?"

"అబద్ధమాడానని."

మరదలు అరచేతిలోని దారాలు చెత్తబుట్టలో వేసి లేచింది. థాంక్స్ అనలేదు, అనాల్సిన అవసరమూ లేదు. గుమ్మం దగ్గర మాత్రం ఆగింది. "మీ మీద కోపం లేదు నాకు. ఉండుంటే ఆరు రోజుల ముందే వచ్చేదాన్ని," అని వెళ్ళిపోయింది.

నాలుగయ్యేసరికి హాల్లో ఇరవై మంది దాకా చేరారు. ఇనుప కుర్చీలు, గోడ పక్కన బెంచీలు, మూలన మైకు. కళ్ళజోడు యజమానురాలు ఈసారి మూడో వరసలో కూర్చుంది. పాస్టరమ్మ పాట ఎత్తుకుంది, ముగించింది. అలవాటు ప్రకారం మైకు కావలి అక్క చేతికి వచ్చింది.

కుట్టుపని చేసే మనిషి కదా, చుట్టూ తిప్పకుండా నేరుగా కత్తెర పెట్టింది. "ఇవాళ విన్నపాలు తర్వాత. ముందు నేనొకటి ఒప్పుకోవాలి. రెండు వారాల కింద నా తమ్ముడు తాగాడని ఇక్కడ ప్రార్థన చేశాను. వాడు తాగలేదు. షాపు దాకా వెళ్ళి తాగకుండా తిరిగొచ్చాడు. పడిపోయాడన్న మాట నేను కలిపాను. అది అబద్ధం. దానివల్ల వాడి పని పోయింది." గొంతు వణకలేదు. దారిపొడుగునా ఆ నాలుగు ముక్కలే నెమరేసుకుంటూ వచ్చింది.

ముందు వరసలో ఉన్న ముసలావిడ కళ్ళు ఒత్తుకుంది. "ఎంత తగ్గింపు మనసు తల్లీ నీది. తమ్ముడి కోసం నీ పేరు కూడా పాడు చేసుకుంటున్నావు."

"తగ్గింపు కాదు పెద్దమ్మా. నిజం."

"తోడబుట్టినవాళ్ళంటే అంతేనమ్మా," అంది ఇంకొకావిడ. "నేనైనా అలాగే అంటాను."

అక్క యజమానురాలి వైపు తిరిగింది. "మీరైనా నమ్మండమ్మా. వాడు తాగలేదు."

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. చెడ్డ మనిషి కాదు, ముఖంలో జాలి ఉంది. "మీ బాధ నాకు అర్థమైంది అక్కా. కానీ ఆ రోజు మీరు ఏడ్చారు. ఇవాళ ఏడవట్లేదు. ఇందులో ఏది నిజమనుకోమంటారు? పైగా ఆయన కూడా కాదనలేదు."

కావలి అక్క పంతొమ్మిదేళ్ళు కూడబెట్టిన నమ్మకం ఆమె కళ్ళ ముందే ఆమెకు ఎదురు నిలబడింది. అబద్ధం చెప్పిన రోజు అందరూ ఏడ్చారు. నిజం చెప్పిన రోజు అందరూ ఓదారుస్తున్నారు.

పాస్టరమ్మ లేచి వచ్చి ఆమె భుజం చుట్టూ చేయి వేసింది. మైకు మెల్లగా చేతిలోంచి తీసుకుంది. "ఇదీ శత్రువు ఎత్తేనమ్మా. మన కావలి అక్క సాక్ష్యాన్నే తలకిందులు చెయ్యాలని చూస్తున్నాడు. అందరూ మోకరించండి. అక్క కోసం, ఆ బిడ్డ కోసం ప్రార్థనలో గట్టిగా పట్టుకుందాం."

కుర్చీలు కిరకిరలాడాయి. ఇరవై మంది మోకాళ్ళ మీదికి వచ్చారు. అక్క చేతులు చెరొకరు పట్టుకున్నారు. ఎవరి చేతిలోనూ కల్మషం లేదు, అదే ఆమెను చంపుతోంది. కళ్ళు మూసుకోవాలనిపించలేదు. పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి, ప్రార్థన జరుగుతుండగా కళ్ళు తెరుచుకుని చుట్టూ చూసింది. ఎంతమంది నుదుళ్ళ మీద ఎన్ని ముడతలు. వీళ్ళందరి సంగతులూ తనకు తెలుసు. ఎవరి కూతురు ఎందుకు తిరిగొచ్చిందో, ఎవరి మొగుడు ఎక్కడ పడుకుంటాడో. వాటిలో ఎన్నింటికి తాను ఇలా ఒక మాట కలిపిందో ఇప్పుడు లెక్క తేలదు.

"పడిపోయిన ఆ బిడ్డను లేవనెత్తు తండ్రీ," అని పాస్టరమ్మ గొంతెత్తింది.

"ఆమేన్," అంది హాలు.

"తాగుడు అనే ఆ గోతిలోంచి లాగు తండ్రీ."

"ఆమేన్."

అక్క తల తిప్పింది. తమ్ముడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

నాలుగున్నరకు చొక్కాల కోసం వచ్చాడు. చెప్పులు విప్పి, లోపలికి రాబోయి ఆగిపోయాడు. ఎప్పుడు వచ్చాడో, ఎంత విన్నాడో తెలియదు. ఆమె ఒప్పుకున్న మాట విన్నాడో, లేక ఈ ఆమేన్లు మాత్రమే విన్నాడో. ముఖంలో ఏమీ లేదు. ఇరవై మంది తన కోసం కన్నీళ్ళు కారుస్తుంటే ఒక్క క్షణం చూశాడు, వంగి చెప్పులు వేసుకున్నాడు, వెనక్కి తిరిగాడు.

అక్క చేతులు లాక్కుంది. కుడివైపు పట్టుకున్న ముసలావిడ, పరిశుద్ధాత్మ కదిలించిందనుకుని, ఇంకా గట్టిగా పట్టుకుంది. "వదులు పెద్దమ్మా," అని విడిపించుకుని, మోకరించినవాళ్ళ మధ్యలోంచి, ఎవరి కాలు తొక్కిందో కూడా చూసుకోకుండా, చెప్పుల్లేకుండా బయటికి పరిగెత్తింది. వెనక ఆమేన్ వినిపిస్తూనే ఉంది.

అతను ఎడమకు తిరిగితే ఇల్లు. కుడికి తిరిగాడు. నడక మామూలుగానే ఉంది, తొందర లేదు. రాళ్ళు గుచ్చుకుంటుంటే ఆమె పడుతూ లేస్తూ వెంట వెళ్ళింది. పిలవాలనుకుంది. పిలిచి ఏమనాలి? ఆమె దగ్గరున్న మాటలన్నీ ప్రార్థనల్లోంచి వచ్చినవే, వాటిలో ఒక్కటీ ఇప్పుడు పనికొచ్చేలా లేదు. పెద్ద రోడ్డు మలుపులో అతను ఆగాడు. రోడ్డుకు అవతల మందు షాపు. ఇనుప చువ్వల వెనక ఇద్దరు ముగ్గురు నిలబడి ఉన్నారు, ఎండ ఇంకా వాళ్ళ వీపుల మీద ఉంది.

ఆమె ఆయాసంతో వచ్చి పక్కన నిలబడింది. "నాన్నా, ఇంటికి పోదాం పద."

"చెప్పుల్లేకుండా వచ్చావేంటక్కా," అన్నాడు, ఆమె కాళ్ళవైపు చూసి.

"అక్కడ అందరికీ చెప్పాను రా. నేనే అబద్ధమాడానని చెప్పాను. ఎవరూ..."

"విన్నాను." అతని చూపు షాపు మీదే ఉంది. "మొదట్నించీ విన్నాను. నువ్వు బాగానే చెప్పావు. ఒక్కటి మాత్రం చెప్పలేదు."

"ఏంటది?"

"మాట కలిపానన్నావు. ఎందుకు కలిపావో చెప్పలేదు." ఇప్పుడు ఆమెవైపు తిరిగాడు. కోపం లేదు. చిన్నప్పుడు జ్వరం వచ్చినప్పుడు చూసే చూపు అది. "నిజం చెప్పక్కా. ఆ రోజు నేను బస్సులోంచి తాగలేదన్నాను కదా. నువ్వు నమ్మావా?"

లారీ ఒకటి వాళ్ళ ముందునుంచి పోయింది. ఆమె దుమ్ములో కళ్ళు మూసుకుంది. వాళ్ళ నాన్న ఆమె తల మీద చేయి పెట్టి తాగలేదని ఎన్నిసార్లు ప్రమాణం చేశాడో, ఆ చేతికే ఎంత వాసన వచ్చేదో తమ్ముడికి తెలియదు, వాడప్పటికి ఉయ్యాల్లో ఉన్నాడు. తాగలేదన్న మాట మగాడి నోట వినగానే ఆమెలో ఏదో తలుపు మూసుకుంటుంది. ఆ సోమవారం కూడా మూసుకుంది. హాలును కదిలించడానికే ఆ మాట కలిపానని ఇంతసేపూ తనను తాను నమ్మించుకుంది. అది సగమే. నమ్మానంటే వాడు ఇంటికి వస్తాడేమో. ఇంకొక్క అబద్ధం, అంతే. పైగా ఇది ప్రేమతో చెప్పేది. ఇలాంటి సలహా ఎవరి గొంతుతో వస్తుందో ఊళ్ళో అందరికీ చెప్పే మనిషి ఆమె, ఈసారి ఆ గొంతును గుర్తుపట్టింది.

"నమ్మలేదు రా," అంది. "ఒక్క క్షణం కూడా నమ్మలేదు."

అతను తల ఊపాడు. ఆమె కళ్ళు తుడవడానికి చేయి ఎత్తి, మధ్యలోనే దించేశాడు.

"నేనూ అదే అనుకున్నా," అన్నాడు. "నువ్వు ఇక్కడే ఉండు."

అని, అటూ ఇటూ చూసుకుని, రోడ్డు దాటాడు.